ఎండ తగ్గినా తగ్గని బేజారు

చలికాలం రాగానే కొందరిని కుంగుబాటు కమ్మేస్తుందని అప్పుడప్పుడూ చదువుతుంటాం. అది పగటి వెలుగు బాగా తగ్గిపోయే చలి దేశాల మాట. మన కర్నూలు, కడప ప్రాంతాల్లో పెద్దవయసు వారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎండాకాలం. మార్చి నెలాఖరు నుంచి ఇంట్లో పెద్దవాళ్లకు తిండి తగ్గుతుంది. రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఊరికే చిరాకు పడతారు. పిలిస్తే తప్ప మాట్లాడరు. ‘ఎండలకు అట్లాగే ఉంటుందిలే’ అని ఇంట్లో వాళ్లు సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ కొందరిలో ఆ నీరసం వెనక చికిత్సతో తగ్గే జబ్బు ఒకటి దాగి ఉంటుంది. అదే కుంగుబాటు, అంటే డిప్రెషన్. ఎండ వల్ల వచ్చిన నీరసం ఏదో, కుంగుబాటు ఏదో, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి ఏదో ఇంట్లో వాళ్లకు తెలిస్తే చాలా ఇబ్బందులు తప్పుతాయి.

అక్కడ చీకటి.. ఇక్కడ వేడి

ఏటా ఒకే కాలంలో వచ్చి, ఆ కాలం పోగానే తగ్గిపోయే కుంగుబాటును 1984లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన డాక్టర్ నార్మన్ రోసెంథాల్ బృందం మొదటిసారి వివరంగా వర్ణించింది. దానికి ‘సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్’ అని పేరు పెట్టింది. వాళ్లు చూసింది చలికాలపు కుంగుబాటును. మూడేళ్ల తర్వాత, 1987లో, అదే సంస్థ పరిశోధకులు వేసవిలో వచ్చే కుంగుబాటునూ గుర్తించారు.

ఈ రెండూ ఒకేలా ఉండవు. చలికాలపు రకంలో మనిషి అతిగా నిద్రపోతాడు, ఆకలి పెరుగుతుంది, తీపి మీదికీ అన్నం మీదికీ మనసు పోతుంది, బరువు పెరుగుతాడు. వేసవి రకంలో అంతా తారుమారు. నిద్ర పట్టదు, ఆకలి చస్తుంది, బరువు తగ్గుతుంది, కుదురుగా కూర్చోలేరు, చిన్న మాటకే విసుక్కుంటారు.

నార్వే రాజధాని ఓస్లోలో డిసెంబరులో అతి చిన్న పగలు ఆరు గంటలు కూడా ఉండదు. మన కర్నూలులో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటలు దాటుతుంది. అతి పెద్ద పగలు సుమారు 13 గంటలు. అంటే తేడా రెండు గంటలే. కాబట్టి మనకు వెలుతురు కరవు సమస్య చాలా తక్కువ. మనది వేడి సమస్య. నిజానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ మన పెద్దవాళ్లు చలాకీగా ఉంటారు. పొద్దునా సాయంత్రం నలుగురిలో తిరుగుతారు. ఉగాది దాటి, 40 డిగ్రీల ఎండ మొదలైతేనే తలుపులు మూసుకుంటారు.

అందరికీ వచ్చేది అచ్చంగా ‘సీజనల్’ జబ్బే అని చెప్పలేం. ఆ పేరు పెట్టాలంటే కనీసం వరుసగా రెండేళ్లు అదే కాలంలో రావాలి, ఆ కాలం పోగానే తగ్గాలి. మనం ఎక్కువగా చూసేది మరోరకం. మధుమేహం, మోకాళ్ల నొప్పులు, తోడు పోయిన ఒంటరితనం వంటివి ముందే ఉంటాయి. వాటికి ఎండాకాలం తోడవుతుంది. అప్పటిదాకా నెట్టుకొస్తున్న మనిషి ఆ బరువు మోయలేక కుంగిపోతాడు.

ఎండ మనసును ఎలా తాకుతుంది?

నిద్ర: గాఢనిద్ర పట్టాలంటే శరీరం లోపలి వేడి కాస్త తగ్గాలి. మన మిద్దెలు, గచ్చు, బండలు పగలంతా వేడిని పీల్చుకొని రాత్రంతా గదిలోకి వదులుతుంటాయి. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ మిద్దె మీద పడుకునేవాళ్లు. ఇప్పటికీ చాలా ఇళ్లలో పడుకుంటారు. కానీ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అవ్వ కింద గదిలోనే ఉండిపోతుంది. వరుసగా రెండు మూడు వారాలు నిద్ర చెడితే వయసులో ఉన్నవారికే మనసు బాగుండదు. పెద్దవారి సంగతి చెప్పనక్కర్లేదు.

ఒంటరితనం: పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా వీధిలో మనిషి కనిపించడు. రచ్చకట్ట ఖాళీ. గుడికి, మసీదుకు, పింఛనుదారుల సంఘానికి వెళ్లే అలవాటు తప్పుతుంది. సెలవులకు వచ్చిన మనవలు జూన్‌లో బడులు తెరవగానే వెళ్లిపోతారు. ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో అయితే పడుచువాళ్లు మిరప కోతలకు గుంటూరు వైపు పోతే ముసలివాళ్లే ఇళ్లకు కాపలా. రాజంపేట, రాయచోటి వైపు పిల్లలు కువైట్‌లో ఉంటారు. మధ్యతరగతి ఇళ్లలో బెంగళూరు, హైదరాబాద్, అమెరికా. ఊరు ఏదైనా పెద్దవాళ్లకు మిగిలేది ఖాళీ ఇల్లే.

కళ్లు: మన శరీర గడియారాన్ని సరిచేసేది పగటి వెలుతురు. వయసుతో కంటి కటకం పసుపుబారుతుంది. శుక్లాలు వస్తే కంటి లోపలికి వెళ్లే వెలుతురు ఇంకా తగ్గుతుంది. దానికి తోడు ఎండకు భయపడి రోజంతా చీకటి గదిలో ఉంటే పగలేదో రాత్రేదో శరీరానికి తెలియకుండా పోతుంది. పగలు కునికిపాట్లు, రాత్రి జాగారం.

నీళ్లు, ఉప్పు: వయసుతో దాహం వేయడం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా పెద్దవారికి దాహం అనిపించదు. నీళ్లు, సోడియం తగ్గితే నీరసం, మందకొడితనం, తికమక వస్తాయి. చూసేవారికి ఇవన్నీ కుంగుబాటులాగే కనిపిస్తాయి.

‘మనసు బాగలేదు’ అని చెప్పరు

పెద్దవారిలో కుంగుబాటు చిక్కంతా ఇక్కడే ఉంది. ‘నాకు దిగులుగా ఉంది’ అని చెబుతూ వచ్చేవారు అరుదు. ‘పానం బాగలేదు సార్’ అంటారు. అన్నం సయించడం లేదు, కాళ్లు గుంజుతున్నాయి, కడుపులో మంట, గుండె దడ, తలంతా తిక్కతిక్కగా ఉంది అంటారు. మరీ గుచ్చి అడిగితే ‘ఏందో బేజారుగా ఉంది’ అంటారు. ఆ బేజారు అన్న ఒక్క మాటను గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే కడుపుకు ఒక స్కానింగు, గుండెకు ఒక ఈసీజీ, నడుముకు ఒక ఎక్స్‌రే, చివరికి ‘అన్నీ నార్మల్’ అని పంపేయడం జరుగుతుంది. వాళ్ల బాధ మాత్రం అట్లాగే ఉంటుంది.

ఇది మన ఒక్క ప్రాంతం సంగతి కాదు. దేశవ్యాప్తంగా 2017-18లో జరిగిన ‘లాసీ’ సర్వేలో 60 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో 8 మందికి పైగా కుంగుబాటు లక్షణాలతో ఉన్నట్టు తేలింది. తమకు ఆ జబ్బు ఉందని డాక్టరు చెప్పారన్నవారు 100కు ఒకరు కూడా లేరు. అంటే పది మందిలో తొమ్మిది మంది జబ్బు అని తెలియకుండానే దాన్ని మోస్తున్నారన్నమాట.

రెండు వారాల లెక్క

ఎండ నీరసానికీ కుంగుబాటుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఎండ నీరసం మనిషిని అలసిపోయేలా చేస్తుందే గానీ ఇష్టాలను చంపదు. సాయంత్రం కాస్త చల్లబడితే, మజ్జిగ తాగి స్నానం చేస్తే, మనవరాలు ఫోన్ చేస్తే ముఖం వికసిస్తుంది. కుంగుబాటులో చల్లగాలి వచ్చినా, మనవరాలు వచ్చినా ముఖంలో మార్పు ఉండదు.

ఈ కింది వాటిని గమనించండి:

• ఇంతకుముందు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? పేపరు చదవడం, పూజ, నమాజు, సీరియలు, మొక్కలకు నీళ్లు పోయడం వంటివి మానేశారా?
• రోజులో ఎక్కువసేపు దిగులుగానో, శూన్యంగానో ఉంటున్నారా?
• తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, మళ్లీ నిద్ర పట్టడం లేదా? పొద్దున లేవగానే బాధ ఎక్కువగా ఉండి, సాయంత్రానికి కాస్త తగ్గుతోందా?
• బట్టలు వదులయ్యాయా?
• ‘నేను మీకు బరువైపోయాను’, ‘నేనుండి ఏం లాభం’ అన్న మాటలు వినిపిస్తున్నాయా?
• స్నానం, తల దువ్వుకోవడం, గడ్డం గీసుకోవడం వాయిదా వేస్తున్నారా?

మొదటి రెండింటిలో ఏ ఒక్కటైనా ఉండి, మిగతావాటిలో కొన్ని తోడై, రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే. ‘వానలు పడ్డాక చూద్దాం’ అని ఆగొద్దు. తొలకరి పడి, గాలి చల్లబడ్డాక కూడా మనిషి తేరుకోలేదంటే అప్పటికే రెండు మూడు నెలలు వృథా అయినట్టు.

ఇది కుంగుబాటు కాదు.. అత్యవసరం

నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తికమకపడుతున్నా, ఎక్కడున్నారో తెలియకపోయినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఎప్పుడూ మత్తుగా పడుకొని ఉన్నా అది కుంగుబాటు కాదు. దాన్ని డెలీరియం అంటారు. వడదెబ్బ, సోడియం పడిపోవడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చక్కెర తగ్గడం, పక్షవాతం వంటివి దీనికి కారణాలు కావొచ్చు. ఒళ్లు కాలిపోతూ తికమకపడుతుంటే వడదెబ్బ అనే అనుకోవాలి. వెంటనే 108కు ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు నీడకు చేర్చి, ఒంటిని తడిపి, గాలి విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

తేడాను ఇట్లా గుర్తుంచుకోవచ్చు. డెలీరియం గంటల్లో, రోజుల్లో వస్తుంది. కుంగుబాటు వారాల్లో వస్తుంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, నెలలు, ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. కుంగుబాటులోనూ మతిమరుపు ఉండొచ్చు. అయితే చికిత్సతో కుంగుబాటు తగ్గితే ఈ మతిమరుపు కూడా చాలావరకు తగ్గుతుంది. అందుకే ‘ముసలితనం, మతి తప్పింది’ అని తీర్మానించేయొద్దు.

ముందు ఒంటిని పరీక్షించాలి

కుంగుబాటు అనుకునే ముందు కొన్ని పరీక్షలు తప్పనిసరి. హిమోగ్లోబిన్, చక్కెర, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, థైరాయిడ్, వీలైతే విటమిన్ బి12. థైరాయిడ్ మందగిస్తే అచ్చం కుంగుబాటులాగే ఉంటుంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహుల్లో బి12 తగ్గొచ్చు. పార్కిన్సన్స్ జబ్బు తొలిదశలో వణుకు కన్నా ముందు కుంగుబాటే కనిపించొచ్చు. చెవుడు ఉన్నవారు నలుగురిలో కూర్చోవడం మానేసి, మెల్లగా తమలో తాము ముడుచుకుపోతుంటారు. వినికిడి యంత్రం పెట్టిస్తే కొందరు మళ్లీ మనుషుల్లో పడతారు.

వాడుతున్న మందుల చీటీలన్నీ ఒక సంచిలో వేసుకొని డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి. వేసవిలో వీటివల్ల సోడియం పడిపోయే ప్రమాదం ఎక్కువ. వీటిని సొంతంగా ఆపొద్దు. ఎండలు ముదిరే ముందు ఒకసారి సోడియం, క్రియాటినిన్ చూపించుకుంటే మోతాదు మార్చాలో వద్దో డాక్టరు చెబుతారు. లిథియం వాడేవారు మరీ జాగ్రత్త. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం ప్రమాదకర స్థాయికి చేరొచ్చు. నరాల నొప్పులకు వాడే అమిట్రిప్టిలిన్ వంటి మందులు చెమటను తగ్గిస్తాయి, దాంతో ఒళ్లు చల్లబడటం కష్టమవుతుంది.

చికిత్స భయపడాల్సిందేమీ కాదు

తేలికపాటి కుంగుబాటు మాటల చికిత్సతో, రోజువారీ అలవాట్ల మార్పుతో తగ్గొచ్చు. అంతకన్నా ఎక్కువైతే మందులు కావాలి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులను పెద్దవారికి తక్కువ మోతాదులో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. ఫలితం వారంలో కనిపించదు. నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరిలో ఎనిమిది వారాలు పట్టొచ్చు. చాలామంది పది రోజులకే ‘పనిచేయలేదు’ అని మానేస్తుంటారు. అది సరికాదు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వాడాలి. మానాల్సి వస్తే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఈ మందులకు అలవాటు పడిపోతామన్న భయం అక్కర్లేదు. అలవాటు పడేవి అల్‌ప్రజోలం వంటి నిద్రమాత్రలు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని ఏళ్ల తరబడి వాడేవారు ఎందరో. పెద్దవారిలో ఇవి తూలి పడిపోవడానికి, తుంటి ఎముక విరగడానికి, మతిమరుపుకు దారితీస్తాయి. ఇక కుంగుబాటు మందులతో ఒక జాగ్రత్త ఉంది. అవి కూడా సోడియాన్ని తగ్గించగలవు. ముఖ్యంగా మూత్రం పోయే బీపీ మాత్రలతో కలిపి వాడుతుంటే, మందు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో సోడియం పరీక్ష చేయించాలి. తికమక, విపరీతమైన నీరసం వస్తే అప్పటిదాకా ఆగొద్దు.

ప్రతి ఏడూ ఎండాకాలంలోనే కుంగిపోతున్నారని తెలిస్తే ఫిబ్రవరిలోనే డాక్టరును కలవండి. ముందుచూపుతో చికిత్స మొదలుపెట్టొచ్చా అన్నది మాట్లాడుకోవచ్చు.

కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడికి వెళ్లడానికి మొహమాటపడితే ముందు మీరు ఎప్పుడూ వెళ్లే డాక్టరుకే చెప్పండి. ఫోన్‌లో మాట్లాడాలంటే ‘టెలీ మానస్’ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవారికి ఇతరత్రా సాయం కావాలంటే ‘ఎల్డర్ లైన్’ నంబరు 14567.

ఎండాకాలంలో రోజు ఎలా ఉండాలి?

• తెల్లవారి అయిదున్నర నుంచి ఏడున్నర వరకూ ఇంటి బయట గడపాలి. నడవగలిగితే అరగంట నడక. లేకుంటే అరుగు మీద కూర్చున్నా చాలు. ఆరుబయట నీడలో కూడా కొన్ని వేల లక్సుల వెలుతురు ఉంటుంది. ఇంట్లో లైటు కింద ఉండేది కొన్ని వందలే. శరీర గడియారం సరిగా నడవడానికి ఈ ఉదయపు వెలుతురే మందు.
• పగటి నిద్ర అరగంట మించకూడదు. అలారం పెట్టండి. మధ్యాహ్నం కాఫీ, టీలు తగ్గించండి.
• మిద్దె మీద సున్నం లేదా తెల్ల పూత వేయిస్తే కింది గది చల్లబడుతుంది. పెద్దవాళ్ల మంచాన్ని ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలోకి మార్చండి. 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒక్కటే చాలదు. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ల స్నానం, మెడకు తడి తువ్వాలు హాయినిస్తాయి.
• దాహంతో పని లేకుండా నీళ్లు తాగాలి. పొద్దున లీటరు సీసా నింపి పెట్టి మధ్యాహ్నానికి, మళ్లీ నింపి రాత్రికి ఖాళీ అయిందా అని చూడండి. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగాలి.
• ఆకలి లేనప్పుడు పళ్లెం నిండా సంగటి పెడితే తినలేరు. కొద్దికొద్దిగా ఐదారు సార్లు పెట్టండి. మజ్జిగ కలిపిన రాగి అంబలి, పెసరపప్పు, గుడ్డు, పెరుగన్నం, నానబెట్టిన శనక్కాయలు వంటివి తేలిగ్గా లోపలికి వెళతాయి. మాంసకృత్తులు తగ్గితే కండ తగ్గుతుంది, కండ తగ్గితే కదలిక తగ్గుతుంది.
• ఏదైనా ఒక పనిని వాళ్లకు అప్పగించండి. కరెంటు బిల్లు చూడటం, ఆకుకూర ఒలవడం, మనవడికి ఎక్కాలు చెప్పడం. ‘నువ్వు కూర్చో నాయనా, మేం చేసుకుంటాం’ అనడం ప్రేమే కావొచ్చు. కానీ ఏ పనీ లేకపోతే ‘నా అవసరం ఎవరికీ లేదు’ అన్న ఆలోచన మొలుస్తుంది. మనసుకు ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఆగితే అది రాదు. చిన్న పని మొదలుపెడితే ఉత్సాహం వెనకే వస్తుంది. మాటల చికిత్సలో నేర్పే కిటుకుల్లో ఇదొకటి.

పిల్లలు దూరంగా ఉంటే

‘బాగున్నావా నాయనా?’ అని అడిగితే ‘బాగున్నా’ అనే చెబుతారు. ఆ ప్రశ్నతో ఏమీ తెలియదు. ‘నిన్న రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది? ఈ రోజు ఏం తిన్నావు? బయటికి ఎవరింటికి వెళ్లొచ్చావు?’ అని అడగండి. వీడియో కాల్‌లో ముఖం, గడ్డం, ఒంటి మీది బట్టలు చూడండి. వారంలో ఒకరోజు పక్కింటి వారితో కూడా మాట్లాడండి. వేసవి రెండు నెలలు బెంగళూరు తీసుకెళ్లడం మంచిదే. అయితే అక్కడ పదో అంతస్తు ఫ్లాట్‌లో తలుపు మూసి మీరు ఆఫీసుకు వెళ్లిపోతే ఎండ బాధ తీరుతుంది గానీ ఒంటరితనం తీరదు. కింద పార్కులో తెలుగు మాట్లాడే తోటివారిని పరిచయం చేయండి.

ఎండలు పోయాక కొందరికి వానలే భయం తెస్తాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తడం చూసినవారు, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ఊడ్చేయడం చూసినవారు ఆ నెలలు వచ్చేసరికి నిద్రపోలేకపోవచ్చు. మబ్బు పడితే గుండె దడ మొదలవుతుంది. కష్టం జరిగిన కాలం తిరిగి వచ్చినప్పుడు బాధ తిరగబెట్టడం వైద్యులకు తెలిసిన విషయమే. ‘ఎప్పుడో అయిపోయింది కదా’ అని తీసిపారేయకుండా వాళ్ల చేత చెప్పించండి, వినండి.

ఆ మాట వినిపిస్తే

‘పోతే బాగుండు’ అని పెద్దవాళ్లు అంటే నవ్వి వదిలేయకండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అడిగితే వాళ్లకు భారం దిగుతుంది, మీకు ప్రమాదం ఎంతో తెలుస్తుంది. అవునంటే వాళ్లను ఒంటరిగా వదలకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆలోపు 14416కు ఫోన్ చేయండి. సేద్యం ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచొద్దు, తాళం వేసిన చోట దూరంగా పెట్టండి. బీపీ, షుగరు, నిద్ర మాత్రలు నెలకు సరిపడా వాళ్ల చేతికి ఇవ్వకుండా రోజువారీ మీరే ఇవ్వండి.

మీ ఇంట్లో అరవై దాటినవారు ఎవరున్నా, ఈ సాయంత్రం వాళ్ల పక్కన పది నిమిషాలు కూర్చోండి. ‘ఈ మధ్య బేజారుగా ఉందా?’ అని అడగండి. జవాబు కోసం తొందరపెట్టకండి.